బావ చేతికి నేను చదివి వినిపించిన కాగితం

మొన్న ఆదివారం నుంచి నా మనవరాలు నాతో మాట్లాడడం లేదు. తప్పు నాదేనని ఇంట్లో అందరూ అంటున్నారు, కాదని వాదించే ఓపిక నాకు లేదు. పిల్ల ఎనిమిది నెలలుగా విలువిద్య నేర్చుకుంటోంది. పొద్దున్నే ఆటోలో గ్రౌండుకు తీసుకుపోయి, ఆట అయ్యేదాకా సిమెంటు మెట్ల మీద కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకురావడం నా డ్యూటీ. మొదట్లో ఊరికే లాగి వదిలితే నడిమధ్య పసుపు రంగులో దిగబడే బాణం ఈ రెండు నెలలుగా ఎటెటో పోతోంది. ఆ రోజు పిల్ల తన ఫోను నా చేతిలో పెట్టింది. వాళ్ళ కోచ్ పంపిన జాబితా అందులో ఉంది. భుజం ఎట్లా ఉండాలి, దవడ ఎక్కడ ఆనాలి, మోచేయి ఎంత ఎత్తు, ఏ వేలి ఏ కణుపు మీద తాడు, ఊపిరి ఎప్పుడు. తాను విల్లు లాగినప్పుడల్లా నేను పక్కన నిలబడి అవన్నీ ఒక్కొక్కటిగా పైకి చదవాలట. జాబితా మొదటి నుంచి చివరిదాకా చూసి, ఫోను తిరిగి ఇచ్చేసి, నేను చదవనన్నాను. ఎందుకని అడిగింది. నేను పిల్ల నీళ్ళ సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను.

"సదవరాకుంటే రాదని చెప్పు తాతా, అండ్ల సిగ్గేంది?" అంది పిల్ల.

ఆ మాటలో తప్పేమీ లేదు, ముప్పై ఆరేళ్ళు నిండేదాకా నాకు నిజంగానే చదువు రాదు. కానీ ఆ రోజు నేను చదవనన్నది చదువు రాక కాదు, వచ్చినందుకు. ఈ సంగతి ఆ పిల్లకు విడమరచి చెప్పాలంటే మా బావ దగ్గర మొదలుపెట్టాలి, మా బావ దగ్గర మొదలుపెడితే ఒక పూట పడుతుంది, ఇప్పటి పిల్లలకు అంత పూట ఎక్కడిది. అందుకని మీకు చెబుతున్నాను. మీలో బొగ్గుబాయిలోకి దిగినవాళ్ళు ఉంటారు, షిఫ్టు సైరను విని గడియారం సరిచేసుకున్నవాళ్ళు ఉంటారు, నేను సగం చెబితే మిగతా సగం మీకే తెలుస్తుంది.

మా అక్కను చేసుకున్నవాడు మా బావ. పెద్దపల్లి దగ్గరి మా పల్లెలో వానలు ఎగ్గొట్టిన ఏడు ఆయన ముందు వచ్చి బొగ్గుబాయిలో చేరాడు, రెండేళ్ళకు నన్నూ లాక్కొచ్చాడు. నేను తట్టా, చెమ్మసు అనే పారా పట్టి పట్టాల మీది టబ్బులకు బొగ్గు నింపేవాణ్ణి. ఆయన టింబర్‌మన్. అంటే బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. కర్ర నిలబెట్టి, దాని నెత్తికీ కప్పుకూ మధ్య బిగింపు చెక్క దూర్చి సుత్తెతో కొట్టాలి, ఆ చెక్కను మేము వెడ్జి అనేవాళ్ళం. ఆ కర్రల కింద మేమందరం పని చేసేవాళ్ళం కాబట్టి, మంచి టింబర్‌మన్ ఉన్న చోట డ్యూటీ పడితే ఆ రోజు ఇంట్లోవాళ్ళకు కూడా కొంచెం నిమ్మళంగా ఉండేది. మా బావ పెట్టిన కర్ర కదిలిందని ఎవరూ అనగా నేను వినలేదు.

డ్యూటీ దిగి, వేడి నీళ్ళు పోసుకుని, చాయ తాగిన తర్వాత బాయి మనిషికి దిక్కు క్లబ్బే. క్లబ్బులో పేపర్లు ఉండేవి, మాలాంటివాళ్ళం వాటి జోలికి పోయేవాళ్ళం కాదు. మధ్య హాల్లో తీగకు వేలాడే బల్బు కింద నాలుగు క్యారమ్ బోర్డులు ఉండేవి, వాటి చుట్టూ జనం. మా బావ ఆట మీరు చూసి ఉండాల్సింది. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. పొలం సంగతులు మాట్లాడుతూనే, నోట్లో వక్కపలుకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మారుస్తూనే స్ట్రైకర్‌ను అట్లా తట్టేవాడు, బిళ్ళ పోయి బొక్కలో పడేది. చప్పుడు కూడా పెద్దగా రాదు. ఆయన చూపు మాత్రం బిళ్ళ మీదే, కదలదు. ఎట్లా కొడతావు బావా అని నేనొకసారి అడిగితే నా మొహంలోకి వింతగా చూసి, "గా బిళ్ళ గా బొక్కల పడాలె అనుకుంట. పడ్తది," అన్నాడు. అంతకు మించి ఆయనకు తెలియదు. తెలియకపోవడమే ఆ ఆటకు బలమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంతలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. బావకు జోడీగా పని చేసే మనిషి, మా ఊరి పక్క ఊరివాడే, కప్పు రాయి ఊడిపడి పోయాడు. బావ అప్పుడు ఇరవై అడుగుల అవతల వెడ్జి తెచ్చుకోవడానికి పోయి ఉన్నాడు, అందుకని బతికాడు. ఆ తర్వాత నుంచీ పొద్దున హాజరు మస్టర్ పడగానే లైట్ల గది వెనక్కి పోయి, నల్లా దగ్గర తిన్నదంతా కక్కుకుని, మొహం కడుక్కుని, టోపీ పెట్టుకుని దిగేవాడు. రోజూ. నేనూ మా అక్కా తప్ప ఇంకెవరికీ తెలియదు. అక్క బలవంతం మీద దవాఖానకు పోతే కడుపు నొక్కి, గుండె విని, మనిషి గట్టిగా ఉన్నాడని పంపించారు. కాలు విరిగితే సర్ఫేస్ పని ఇస్తారు, అంటే బాయి దిగకుండా పైనే చేసే పని. ఆయాసం, దమ్ము వస్తే ఇస్తారు. భయానికి ఏ డాక్టరు కాగితం రాసిస్తాడు? పైగా భయమని నోటితో చెప్పుకుంటే ఆ మనిషి పక్కన పని చేయడానికి రేపు ఎవడు వస్తాడు?

ఒక్క దారి ఉండేది. కంపెనీ ఆటల జట్టులోకి ఎక్కినవాళ్ళకు ప్రాక్టీసుకు వీలుగా ఉంటుందని సర్ఫేస్ డ్యూటీ వేయడం మా మేనేజరు సారు అలవాటు. ఆ ఏడు మా ఏరియా నుంచి క్యారమ్ జట్టుకు ఒక్కరిని తీసుకుంటామని బోర్డు మీద రాశారు. గెలిచినవాడు శ్రీరాంపూర్‌లో జరిగే పెద్ద పోటీలకు పోతాడు. మా బావ గెలిస్తే లైట్ల గదిలో పని అని మేనేజరు సారే నవ్వుతూ అన్నాడట. లైట్ల గదంటే దిగే ప్రతివాడికీ టోపీ లైటు అందించి, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. మనిషి ఎండ చూస్తూ చేసే పని. ఆ మాట విన్న రోజు మా అక్క పప్పు చేసి, వడియాలు వేయించి నన్ను కూడా భోజనానికి పిలిచింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది.

ఆ బోర్డు మీది రాతను పైకి చదివి అందరికీ వినిపించింది నేనే. అప్పటికి నాకు చదువు వచ్చి ఏడాదిన్నర. దానికి ఒక కారణం ఉంది. అంతకు ముందొక రోజు నోటీసు బోర్డు మీద, మేము పని చేసే చోటు మూసేశారని, ఇంకో బాయికి పోవాలని రాసి పెడితే, నేను దాని ముందు నుంచే తట్ట భుజాన వేసుకుని నడుచుకుంటూ కింది దాకా దిగి, ఖాళీ సొరంగం చూసి మళ్ళీ పైకి ఎక్కి వచ్చాను. పైన ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో చాన్నాళ్ళు ఉండిపోయింది. క్లబ్బు వరండాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పేందుకు ఒక ఇంజినీరు భార్య, కోస్తా నుంచి వచ్చినావిడ, కూర్చునేది. పోయి చేరాను. చెమ్మసు పట్టిన చేతికి పెన్సిలు ఎక్కడ నిలుస్తుంది? నా బొటనవేలు కేసి చూసుకుంటూ, నొక్కి పట్టుకుంటూ వారానికి మూడు పెన్సిళ్ళు విరిచాను. ఆవిడ విసుక్కోకుండా, వేళ్ళ సంగతి మరిచిపోండి, గీత ఎక్కడికి చేరాలో అక్కడ చూస్తూ పోండి అంది. అట్లా చేస్తే వచ్చింది. ఆ మాట వల్ల బాగుపడ్డవాణ్ణి నేనే. అయినా అది నా బుర్రలోంచి ఎట్లా జారిపోయిందో ఈ రోజుకూ తెలియదు. చదువు కొత్తగా వచ్చినవాడికి, రాసి ఉన్నదంతా దేవుడి మాటలాగే కనపడుతుంది. నాకట్లాగే కనపడేది. సబ్బు కాగితం మీద రాసింది కూడా పూర్తిగా చదివి మడిచి పెట్టేవాణ్ణి.

పోటీకి మూడు వారాల ముందు ఎక్కడినుంచో ఒక కోచ్ సారును పిలిపించారు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మూడు రోజులున్నాడు. ఆటలో ముందున్న నలుగురినీ కూర్చోబెట్టి ఆడించి, ఎవరెట్లా ఆడుతున్నారో పక్కన నిలబడి చూశాడు. మూడో రోజు పోతూ పోతూ, అచ్చు వేసిన ఒక కాగితం ముగ్గురికి ఇచ్చాడు. ఆఫీసులో పని చేసే క్లర్కుకు ఇచ్చాడు, వర్క్‌షాపు ఫిట్టరుకు ఇచ్చాడు, ఇంకొకతనికి ఇచ్చాడు. మా బావకు ఇవ్వలేదు.

నా ఒళ్ళు మండింది. మీరు ఆ రోజుల మనుషులైతే నా మంట మీకు తెలుస్తుంది. పుట్టిన దగ్గరనుంచీ కాగితమనేది ఎవరో ఒకరి చేతిలో ఉండడం, వాళ్ళు చెప్పిందే మేం వినడం, మాకు అందకుండా అది మళ్ళీ జేబులోకి పోవడం. ఇప్పుడు చదవగలిగినవాణ్ణి నేనున్నాక కూడా మా మనిషికే కాగితం లేదంటే, వేలిముద్ర గాడికి ఇదెందుకని అనుకున్నాడనే కదా. ఎదురుగా పోయి అడిగాను. అప్పట్లో నా నోరు ఇంకా దురుసు.

"మా బావకు ఎందుకియ్యలేదు సారూ? సదువుకోనోని చేతికి కాయితం తగదా?"

ఆయన నొచ్చుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయనకు ఇది అక్కర్లేదండీ. ఆ చేతిని దాని మానాన వదిలెయ్యండి, ఎవరూ ఏమీ చెప్పకండి," అన్నాడు.

ఇంతకంటే తేటగా ఎవరైనా ఎట్లా చెబుతారు? ఆ మాట అక్షరం పొల్లు పోకుండా ఈ రోజుకూ నాకు గుర్తుంది. కానీ ఆ రోజు అది నా చెవిలోకి ఇంకోలా దిగింది. మెత్తగా మాట్లాడి మమ్మల్ని తప్పిస్తున్నాడనుకున్నాను. ఆయన జీపు గేటు దాటగానే క్లర్కు దగ్గరికి పోయి కాగితం అడిగాను. అతను మంచివాడే, తీసుకుపో అన్నా, రేపిద్దువు లే అన్నాడు. ఆ ఆదివారం ఒక పూటంతా కూర్చుని, పద్నాలుగు అంశాలనూ నా చేత్తో, నా వంకర అక్షరాలతో ఎక్కించుకున్నాను. నడుము నిటారుగా ఉండవలెను. మోచేయి బోర్డు అంచు దాటరాదు. మణికట్టు కదలరాదు. చూపుడు వేలి గోరు స్ట్రైకర్‌కు ఆనీ ఆననట్లు ఉంచవలెను. కొట్టుటకు ముందు ఊపిరి బిగబట్టవలెను. ఇట్లా. అంత పొడుగు రాత అంతకు ముందు నేనెప్పుడూ రాయలేదు. రాసి చూసుకుని, బావకు లైట్ల గది నా చేతిలోనే ఉందనుకున్నాను.

మరుసటి రోజు నుంచీ మొదలు. బావ బోర్డు ముందు కూర్చుంటే నేను ఎదురుగా స్టూలు వేసుకుని, కాగితం తెరిచి, ఆయన స్ట్రైకర్ మీద వేలు పెట్టినప్పుడల్లా ఒక్కొక్కటి చదివేవాణ్ణి. ఆయన ఒక్క రోజు కూడా వద్దనలేదు. చదువంటే ఆయనకు నాకంటే భయభక్తులు ఎక్కువ, పైగా చదువుతున్నది బామ్మర్ది. చిన్నపిల్లాడిలా విని, నడుము నిలబెట్టి, మోచేయి లోపలికి లాక్కుని, మణికట్టును చూసుకుని, గోరును చూసుకుని, అప్పుడు కొట్టేవాడు. మాటలు ఆగిపోయాయి. వక్కపలుకు ఆగిపోయింది. పక్క బోర్డు వాళ్ళు ఊరుకుంటారా. "ఏందిరా, బావకు నేర్పుతున్నవా, సర్కస్ ఏనుగుకు నేర్పుతున్నవా?" అని ఒకడు అంటే హాలంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. వారం తిరిగేసరికి పదికి తొమ్మిది వేసే మనిషి పదికి ఆరుకు దిగాడు. కొత్త పద్ధతి అలవాటు కావడానికి కొంచెం సమయం పడుతుందని నేను చెప్పాను. ఇంకో వారానికి ఆరు కూడా లేవు. అప్పుడేం చేశానంటే, ఆయన సరిగ్గా పాటించడం లేదనుకుని పొద్దున బాయికి పోయే తొవ్వలో కూడా చదవడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. మా అక్క గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"తమ్మీ, ఆ కాయితం పొయ్యిల పెట్టు. ఆయన బువ్వ తినేటప్పుడు సుత వేలు దిక్కే చూస్తాండు. ముద్ద నోట్లెకు పోతలేదు."

నాకు కోపం వచ్చింది. నీకేం తెలుసు అక్కా, ఇది చదువుకున్నవాళ్ళు రాసింది అన్నాను. ఆ మాట విని అక్క తలుపు తీసింది. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు నాలుగైదు ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది.

పోటీ రోజు. నలుగురిలో ఇద్దరు పోయి, మా బావా ఆ క్లర్కూ మిగిలారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాడిది. సాయంత్రం నాలుగు గంటలకు మొదలు, ఆడేవాళ్ళకు ఆ రోజు డ్యూటీ లేదు. నేను మాత్రం ఫస్టు షిఫ్టులో ఉన్నాను. మూడింటికి బయటపడాల్సినవాణ్ణి, దారిలో టబ్బులు పట్టాలు తప్పి గంటన్నర కిందనే ఇరుక్కుపోయాను. పైకి రాగానే స్నానం కూడా చేయకుండా, మొహం నిండా మసితో క్లబ్బుకు ఉరికాను. నేను పోయేసరికి మొదటి ఆట అయిపోయింది. బావ గెలిచాడట. అదీ ఎట్లా, క్లర్కుకు ఊపిరి సలపకుండా, పక్కవాళ్ళతో వడ్ల ధర సంగతి మాట్లాడుతూ. వెనకటి ఆట మళ్ళీ వచ్చింది మీ బావకు అని జనం నాకు ఎదురొచ్చి చెప్పారు.

అక్కడైనా నాకు తట్టాలి. పదిహేను రోజులు నేను పక్కన ఉంటే రాని ఆట, నేను లేని గంటలో వచ్చింది. ఎందుకొచ్చిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే, అక్కడినుంచే వెనక్కి తిరిగి ఇంటికి పోయి స్నానం చేసేవాణ్ణి. నేను జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయి, బావ చెవి దగ్గర వంగి, జేబులోంచి కాగితం తీసి, మోచేయి, మణికట్టు, ఊపిరి, ఈ మూడు మరిచిపోకు బావా అని చెప్పి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఆయన సరేనని తలూపాడు. వడ్ల ధర అక్కడితో ఆగిపోయింది.

రెండో ఆట పోయింది. మూడోది చివరిదాకా వచ్చింది. బావది ఒకే ఒక్క తెల్ల బిళ్ళ మిగిలింది, అదీ కుడి బొక్క మూతి మీద, ఊదితే పడేట్టు. క్లర్కువి ఇంకా రెండు ఉన్నాయి. అందరూ అయిపోయిందనుకుని కుర్చీలు జరుపుతున్నారు. బావ స్ట్రైకర్‌ను గీత మీద పెట్టాడు. బిళ్ళను చూశాడు. తర్వాత తన మోచేతిని చూసుకున్నాడు, మణికట్టును చూసుకున్నాడు, గోరును చూసుకున్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నేను తలూపి, నా మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని చూపించాను. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపు బిగబట్టాడో చెప్పలేను, మెడ నరాలు తేలాయి. వేలు కొట్టింది. స్ట్రైకర్ బిళ్ళను ముట్టుకోకుండా దాని పక్కనుంచి పోయి, అదే బొక్కలో తానే పడిపోయింది. మూతి మీది బిళ్ళ కదలలేదు.

మిగతాది క్లర్కు రెండు దెబ్బల్లో ముగించాడు.

బావ లేచి అతనితో చెయ్యి కలిపి, నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు, ఉంటే నాకు సుఖంగా ఉండేది. "బామ్మర్దీ, ఊపిరి వట్టుడు యాదికున్నది. ఇడిసుడే మర్సిన," అన్నాడు. ఆట మెలకువ ఏదో తప్పినట్టు నాకు లెక్క అప్పజెబుతున్నాడు.

బయటికి వచ్చేటప్పుడు క్లర్కు కనబడితే, ఆ కాగితం నీకు బాగా పనికొచ్చింది అన్నాను, ఎత్తిపొడుపుగానే. అతను కొంచెం సిగ్గుపడ్డాడు. అది నేను చదవనే లేదన్నా, అన్నాడు. నేను తిరిగి ఇచ్చినప్పుడు మడిచిన మడతతోనే ఎక్కడో పెట్టేశాడట. రోజంతా ఆఫీసులో కాగితాలే కదా అన్నా, ఇంకా ఇది కూడా ఎవరు చదువుతారు అన్నాడు. అతనికి కాగితమంటే కాగితమే. మా ఇంటికి మాత్రం అది అమ్మవారు వచ్చినట్టు వచ్చింది.

మరునాడు పొద్దున మస్టర్ పడింది. బావ లైట్ల గది వెనక్కి పోయాడు, నల్లా దగ్గర మొహం కడుక్కున్నాడు, లైటు తీసుకున్నాడు, దిగాడు. మరో తొమ్మిదేళ్ళు అట్లాగే దిగాడు. లెక్క వేస్తే ఎన్ని పొద్దులో మీరే వేసుకోండి, నాకు చేతకాదు.

ఓడిన రెండు నెలలకు, ఆయన జోడీ రాలేదని ఒకరోజు నన్ను ఆయనకు సాయం వేశారు. కర్ర పట్టుకుని నిలబడడమే నా పని. టోపీ లైటు వెలుగు మూరెడు మేర తప్ప చుట్టూ చీకటి. ఆయన పెద్ద సుత్తె ఎత్తి, నా చేతులకు నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న వెడ్జి మీద కొడుతుంటే, ఒక్క దెబ్బ తప్పలేదు. కొంచెం సేపు నువ్వు కొట్టు అని నాకిచ్చాడు. నాకు భయం, నా ఎడమ చెయ్యి ఎక్కడుందో దాన్నే చూస్తూ కొట్టాను. సరిగ్గా దాని మీదే పడింది. గోరు నల్లబడి, నేను కింద కూలబడితే, బావ చాలా రోజుల తర్వాత ఘొల్లున నవ్వాడు. నవ్వి, తన తువ్వాలు చింపి వేలికి చుడుతూ అన్నాడు.

"వెడ్జి దిక్కు సూడు బామ్మర్దీ. చెయ్యి యాడికి పోతది, నీతోనే ఉంటది."

అంతే ఆయన అన్నది. ఇంకేమీ మనసులో పెట్టుకుని అనలేదు, ఆయనకు అట్లా మాట్లాడడం రాదు. కానీ నాకు ఆ చీకట్లో అంతా ఒక్కసారి తెలిసిపోయింది. ఈ మనిషి బతికున్నదీ, మా అందరి నెత్తి మీద కప్పు నిలబడ్డదీ, ఆయన తన చేతిని చూసుకోకపోవడం వల్ల. ఆ చేతిని పదిహేను రోజులు కూర్చోబెట్టి, పద్నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను చూసుకొమ్మని చెప్పినవాణ్ణి నేను. జేబులో ఇంకా ఆ కాగితం ఉంది. ఎందుకుంచుకున్నానో తెలియదు, నా రాతను చూసుకునేందుకేమో. చింపి, నిండిన టబ్బులో బొగ్గు మీద వేశాను. బొగ్గుతో పాటు పైకి పోయింది. బావతో మాత్రం తప్పయిందని అనలేకపోయాను. నోరు దురుసు గలవాళ్ళకు ఆ ఒక్క మాట దగ్గరే నోరు రాదు.

ఆయన క్లబ్బులో మళ్ళీ ఆడలేదు. ఇంట్లో ఆడతాడని అక్క చెప్పింది, సాయంత్రాలు వరండాలో, ఇరుగు పొరుగు వాళ్ళతో. నాకు సంతోషమై ఒకరోజు పోయాను. నన్ను చూడగానే, స్ట్రైకర్ మీదున్న వేలు వెనక్కి తీసుకుని, రా బామ్మర్దీ నువ్వు కూర్చో అని లేచి చోటిచ్చాడు. మళ్ళీ ఇంకోసారి పోయాను, మళ్ళీ అట్లాగే. మూడోసారికి నాకు అర్థమైంది. నా చేతిలో ఏ కాగితమూ లేకపోయినా, నేను కనబడితే చాలు, ఆయనకు మణికట్టు గుర్తొస్తుంది. ఆయన అది నాకు తెలియనివ్వకూడదని లేచి చోటిస్తున్నాడు.

ఇక తర్వాత అటు పోయేటప్పుడు వరండా వైపు పోయేవాణ్ణి కాదు. క్వార్టర్ల వెనక సందు ఉండేది, నీళ్ళ గోలెం పక్కనుంచి. అక్కడ గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఆయన వానల గురించి మాట్లాడడం వినిపించేది, ఎవరినో ఆట పట్టించడం వినిపించేది, మధ్యలో స్ట్రైకర్ తగిలిన చిన్న చప్పుడు, ఆ వెంటనే బిళ్ళ వలలో పడిన చప్పుడు. తప్పేది కాదు. ఆట అయ్యేదాకా విని, అక్కకు కూడా కనబడకుండా ఇంటికి వచ్చేవాణ్ణి. ఆయన రిటైరయ్యి, పోయేదాకా నా బావ ఆటను నేను చెవులతోనే చూశాను.

ఇప్పుడు ఆ బాయి మూసేశారు. ఉన్న బొగ్గంతా పైనుంచే, గుట్టలంత మిషన్లతో తవ్వుతున్నారు, కప్పూ లేదు, కప్పుకు కర్ర పెట్టేవాడూ లేడు. మంచిదే, నల్లా దగ్గర కక్కుకుని దిగాల్సిన కర్మ ఎవరికీ లేదు. క్లబ్బు వరండాలో పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పాల్సిన పనీ లేదు, అందరికీ చదువు వచ్చింది, నాకు ముప్పై ఆరేళ్ళకు దక్కింది ఇప్పుడు ఆరేళ్ళకే దక్కుతోంది, దానికీ నాకు సంతోషమే. కానీ సాయంత్రం పూట ఆ క్వార్టర్ల సందులో నుంచి నడుచుకుంటూ పోతే, వరసకు పది ఇళ్ళలో వినబడిన ఆ బిళ్ళల చప్పుడు ఒక్క ఇంట్లోనూ లేదు. కూలర్లు తిరుగుతుంటాయి, తలుపులు వేసి ఉంటాయి, లోపల ఎవరో ఫోనులో ఎవరికో ఏదో ఎట్లా చేయాలో చెబుతూనే ఉంటారు. ఆ గోడ ఇంకా ఉంది. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడతాను, తర్వాత ఇంటికి వస్తాను.